కండలేరు కాలువ, పుట్టపర్తి స్వామి



వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే వాదన. ఈ సంవత్సరం సంఘం వసూలు చేసిన చదువుల నిధిలో కొంత ఒక స్వామివారి ట్రస్టుకు ఇద్దామని కొందరు, బాబాల సేవంతా ప్రచారమేనని కొందరు. మాటలు ముదిరిపోయాయి. నేను ఏ స్వామికీ భక్తుణ్ణి కాను, మా ఇంట్లో పటం కూడా లేదు. కానీ మద్రాసు నీళ్ళు తాగినవాణ్ణి గనుక ఒక సంగతి చెప్పాలి.

కృష్ణా నీళ్ళకోసం 1983లో ఆంధ్ర, తమిళనాడు ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడు అక్కడ ఎన్టీఆర్, ఇక్కడ ఎంజీఆర్. ఏటా 12 టీఎంసీలు ఇవ్వాలని మాట. 1996లో నీళ్ళు పూండికి వచ్చాయి. కానీ కండలేరు నుంచి సరిహద్దు దాకా కాలువ సుమారు 150 కిలోమీటర్లు. గట్లు కోసుకుపోయి, నీళ్ళు దారిలోనే ఇంకిపోయేవి. కాగితం మీద ఉన్నది ఒకటి, పూండికి చేరింది ఒకటి. 2003లో మనం పడిన పాట్లు మీకు తెలుసు. మెట్రో వాటర్ లారీ, వీధి పొడుగునా ప్లాస్టిక్ కుడాలు, ఆడవాళ్ళ తగాదాలు.

ఆ కాలువ బాగుచేయిస్తానని పుట్టపర్తి సత్యసాయిబాబా 2002లో ప్రకటించారు. ట్రస్టు డబ్బుతో గట్లు బలపరిచి, లైనింగ్ చేయించారు. 2004 ఆఖరుకు నీళ్ళు మళ్ళీ పూండి చేరాయి. దేవుణ్ణి నమ్మని కరుణానిధిగారు 2007లో ఇదే ఊళ్ళో ఆయనతో ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఆ నీళ్ళు భక్తుడి కొళాయికీ వచ్చాయి, పెరియార్ మనిషి కొళాయికీ వచ్చాయి.

మహిమలు నమ్మాలా వద్దా అన్నది ఎవరి మనసు వారిది. కాలువ మాత్రం కంటికి కనబడేది. రెండూ కలిపి కొట్లాడుకోనక్కరలేదు.

ఇంకో మాట. ట్రస్టు ఒకసారి బాగుచేయిస్తుంది. ఏటేటా పూడిక తీసి, గట్లు చూసుకోవలసింది ప్రభుత్వమే. స్వామి ఉన్నాడని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే నష్టం మనకే. అలాగే ట్రస్టు సొమ్ము జనం ఇచ్చిన సొమ్ము. రైల్వేలో చిన్న పార్సిలుకు కూడా రసీదు రాశాను. భక్తి ఉన్నచోట లెక్క అడగడం అపచారం కాదు.

అందుకని వచ్చే కూటంలో నా మాట ఇది: ఇద్దాం. కానీ ఏ పనికి, ఎంతమంది పిల్లలకు, ఎప్పటిలోగా అని రాతమూలకంగా అడిగి ఇద్దాం. జవాబు రాకపోతే ఆ డబ్బుతో మన పిల్లలకే ఫీజులు కడదాం. మీరేమంటారు?