చెట్టినాటి పెద్దయిండ్లు

తమిళనాట తిరుచిరాపల్లినుండి పుదుక్కోట మీదుగా కారైకుడికి పోవు రైలుమార్గమున ఎఱ్ఱనేలలు, తుమ్మచెట్లు, అక్కడక్కడ చెఱువులు తప్ప చూడదగిన దేదియు కన్పట్టదు. అట్టి మెట్టసీమ పల్లెలలో రాజనగరులవంటి మేడలు వీధిపొడుగునను నిలిచియుండుట చూచి క్రొత్తవారు విస్మయమందుదురు. ఇదియే చెట్టినాడు.

ఈ మేడలు కట్టించినవారు నాటుకోట్టై చెట్టియార్లు. బర్మా, సింహళము, మలయా దేశములలో వడ్డీవ్యాపారము చేసి గడించిన ధనమును స్వగ్రామమందలి యిండ్లపై వెచ్చించిరి. బర్మాటేకు స్తంభములు, ఇటలీ చలువఱాళ్లు, బెల్జియము అద్దములు ఓడలపై వచ్చినవి. ఆడంబరము కొంత యెక్కువయనియే నా తలంపు. ఇంటి పొందిక మాత్రము మెచ్చదగినది. వీధియరుగు దాటిన చావడి, చావడి దాటిన నడిమి ముంగిలి, దానిచుట్టు స్తంభముల వసారా, పెండ్లియైన కొడుకు కొక గది. అటుపై భోజనశాల, కట్టకడపట వంటయిల్లు. మన గోదావరిసీమ మండువాలోగిలి నెఱిగిన సోదరీమణులకు దీనిని వేఱుగ వర్ణింప బనిలేదు.

గోడల పూతయే యొక విద్య. గానుగసున్నములో కరక్కాయ, బెల్లపునీరు, గ్రుడ్డు తెల్లసొన చేర్చి, పూతమీద పూత వేసి నునుపుచేసిరి. నూఱేండ్లు గడచినను ఆ గోడ చేతికి చల్లగా, అద్దమువలె తగులును.

1942లో జపాను సేనలు బర్మా నాక్రమించుటతో ఆ వ్యాపారము దెబ్బతినెను. బిడ్డలు ఉద్యోగములకై పట్టణములకు పోయిరి. పెక్కిండ్లకు నేడు పదులకొలది వాటాదారులు; పండుగకో పెండ్లికో తప్ప తలుపు తీయువారు లేరు. కప్పు కారినచో ఖర్చెవరు పెట్టుకొనవలెనన్న తగవు. తుదకు విప్పి అమ్ముకొనుటయే. కారైకుడిలోని పాతసామానుల అంగళ్లలో ఆ స్తంభములు, చెక్కడపు ద్వారబంధములు, సారెగా వచ్చిన గిన్నెలును వరుసగా పెట్టియుందురు. నా కచట ఎక్కువసేపు నిలువ మనసొప్పలేదు.

అన్ని యిండ్లకు నిదే గతి పట్టలేదు. కొత్తమంగళమున 1910లో కట్టిన శారదావిలాసమును ఫ్రెంచి వాస్తుశిల్పు లిరువురు బాగుచేసి యాత్రికుల విడిదిగా మార్చిరి. చెన్నపట్టణమునకు చేరువ ముట్టుకాడులో 1996లో తెఱచిన దక్షిణచిత్ర ప్రదర్శనశాలకు ఒక చెట్టినాటి యింటిని విప్పి తెచ్చి మరల నిలిపిరి. చూడ ముచ్చటయే, కాని అచట పొయ్యి రాజదు.

కాపురముండుటకు ఇల్లు నిలువవలెనన్న మరమ్మతు వెనుకతట్టునుండి మొదలుపెట్టవలెను. పొగచూరిన వంటయిల్లు, దొడ్డిచివర స్నానపుగది యుండగా ఏ కోడలు అచట కాపురముండ నొప్పుకొనును? గ్యాసుపొయ్యి, దానికొక గట్టు, కుళాయి, పడకగది నంటిన స్నానశాల, ఇవియన్నియు వెనుక ముంగిలిచుట్టు అమర్చవచ్చును. గొట్టములను పెరటిగోడ వెంట పోనిచ్చిన ముందరి గోడలను తొలువ బనిలేదు. మఱియొక జాగ్రత్త: పెచ్చులూడిన సున్నపుగోడకు సిమెంటు పూయింపరాదు. సున్నము తేమను పీల్చి మరల విడుచును. సిమెంటు దానిని లోననే బంధించును, అంతట ఇటుకయు పాతసున్నమును చివికిపోవును. మన మండువాయిండ్లకును నిదే వర్తించును.

నేలబిళ్లలకు చింతలేదు. ఆత్తంగుడి గ్రామమున గాజుపలకమీద అచ్చునుంచి రంగుసిమెంటు పోసి, పైన ఇసుకసిమెంటు పఱచి, నీట నానవైచి, కాల్చకయే ఆరబెట్టు పని నేటికిని సాగుచున్నది. గాజు నంటిన మొగమునకే ఆ మెఱుగు. పగిలినచోట అదే పూవు, అదే రంగు గల బిళ్ల చేయించి పొదుగవచ్చును.