రొయ్య తలల్లో ఎరుపు

కొళత్తూరులో మామ వాకిట్లోకి అడుగు పెట్టగానే ఎండురొయ్యల వాసన ముక్కుకు తగిలింది. సిమెంటు తొట్ల మధ్య పీట వేసుకుని, ఎండిన రొయ్య తలల్ని రోట్లో దంచుతున్నాడాయన. గోళ్ల అంచుల్లో, వేళ్ల సందుల్లో నారింజ రంగు పట్టేసింది. సబ్బుకు పోదట, నిమ్మచెక్కతో రుద్దినా పోదట.

"చేపకు పట్టేది ఇదే రంగు అబ్బయా" అని రెండు చేతులూ చాపి చూపించాడు.

చెన్నైలోని ఈ పేట రంగుచేపల పెంపకానికి పేరుపడ్డది. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మామ పెంచేవి సిక్లిడ్లు. మన చెరువుల్లో పడే తిలాపియా కూడా ఆ కుటుంబానిదే. ఆయన తొట్లలో ఉన్నవి మాత్రం ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతులు: నిమ్మపండు ఛాయలో ఎల్లో ల్యాబ్, నీలంగా మెరిసే పీకాక్. హైదరాబాదులో నేను కొన్న పీకాక్ మూడు నెలలకే బూడిద రంగుకు తిరిగింది. దాని ఫోటో ఫోనులో పెట్టుకుని వెళ్లాను. తీసి చూపించేలోపే మామ నా చేతికి జల్లెడ ఇచ్చాడు.

చేప ఒంటి మీది పసుపు, నారింజ, ఎరుపు చాలావరకు కెరోటినాయిడ్ల వల్ల వస్తాయి. వాటిని చేప సొంతంగా తయారు చేసుకోలేదు, తిని తెచ్చుకోవలసిందే. రొయ్య పెంకులోని అస్టాక్సాంతిన్ అలాంటిదే. పచ్చిరొయ్యలో అది ప్రొటీనుకు అతుక్కుని ఉండటం వల్ల ఎరుపు కనబడదు. పొయ్యి మీద వేడి తగిలి ప్రొటీను పట్టు వదలగానే ఎరుపు బయటపడుతుంది. రొయ్యల ఇగురు వండేవాళ్లందరూ చూసిన మార్పే ఇది. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రాలో తలలు గుట్టలుగా మిగులుతుంటే, రంగుచేపల మేత డబ్బాల కోసం విదేశీ బ్రాండ్ల వైపు చూస్తామేమిటని మామ బాధ. నాకూ అదే అనిపించింది.

జల్లించిన పొడికి స్పిరులినా, ఉడికించిన బఠానీ ముద్ద, కాస్త బంతిరేకుల పొడి కలిపి జిలాటిన్‌తో గడ్డ కట్టిస్తాడు. పశుమాంసం మాత్రం దరి చేరనీయడు. ఈ చేపల పేగుకు అది పడదంటాడు, పొట్ట ఉబ్బిపోతుందట.

నీలం సంగతి వేరు. అది తిండితో వచ్చే రంగు కాదు. చర్మకణాల్లో పలకల్లా పేర్చి ఉన్న గ్వానిన్ స్ఫటికాలు వెలుగును తిప్పికొడితే మన కంటికి నీలంగా కనబడుతుంది. దానికి కావలసింది శుభ్రమైన నీరు, బెదురు లేని బతుకు. తెల్లటి అడుగు మీద చేప వెలవెలబోతుందని మామ తొట్లలో నల్ల ఇసుక పరిచాడు. అన్నిటికీ మించి, తొట్టిలో దాని స్థానం ఏమిటన్నది ముఖ్యం. నేను వెళ్లడానికి ముందురోజు సాయంత్రం ఒక తొట్టిలోంచి పెద్ద మగదాన్ని తీసేశాడట. అంతవరకు మూలన మట్టి రంగులో నక్కిన రెండో మగది తెల్లారేసరికి మొహం నిండా నీలం నింపుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు కవాతు చేస్తోంది. కొత్త మేత వేసింది లేదు, మందు కలిపింది లేదు.

ఇంతలో ఫోను మోగింది. అవతల ఎవరో దుకాణదారు. "పిల్లలకి ఇంకా రంగు రాలేదన్నా. నాలుగు నెలలు ఆగాల" అంటున్నాడు మామ. కాసేపు విని, "ఆ పని నేను చెయ్యను" అని పెట్టేశాడు. రోకలి పట్టుకున్న చెయ్యి మాత్రం చాలాసేపు కదల్లేదు.

ఆ పని అంటే హార్మోను. మీథైల్‌టెస్టోస్టిరాన్ పెడితే రెండంగుళాల పిల్ల కూడా ముదురు మగదానిలా మెరుస్తుంది. ఆడవాటికి కూడా మగరంగు వస్తుంది. కొన్నవాడి ఇంట్లో మందు ఆగగానే ఆ ఆడవాటి రంగు దిగిపోతుంది, కొన్ని గొడ్డుపోతాయి కూడా. కొనేవాడు మోసపోవడం ఒక్కటే కాదు నష్టం. ఆఫ్రికా సరస్సుల్లో చాలా సిక్లిడ్ జాతుల ఆడచేప తన జాతి మగదాన్ని గుర్తుపట్టేది రంగును బట్టే. విక్టోరియా సరస్సులో నీరు మురికిబారి రంగులు సరిగా కనబడని చోట చేపలు వెలిసిపోయి, జాతుల మధ్య హద్దులే చెరిగిపోతున్నాయని శాస్త్రవేత్త ఓలే సీహౌసెన్ బృందం 1997లో రాసింది. అక్కడ నీరు పాడైతే జరిగింది. ఇక్కడ ఏది ఆడో ఏది మగో తెలియకుండా రంగు పులిమి, జాతులు కలగలిపి మనమే చేస్తున్నాం. మామ ఒక్కో వంశాన్నీ విడి తొట్టిలో ఉంచి, ఏ జత పిల్లలో సుద్దతో గోడ మీద రాసుకుంటాడు. ఆ ఓపికకు బజారు పైసా ఎక్కువ ఇవ్వదు.

చివరికి ఫోటో చూపించాను. కళ్లజోడు పైకి జరిపి దగ్గరగా పెట్టుకున్నాడు.

"తింటుందా?"

"బాగా తింటుంది మామా."

"తొట్లో దీన్ని అణిచే పెద్ద చేప ఏదన్నా ఉందా?"

"లేదు. ఇదొక్కటే."

నారింజ వేలితో తెర మీద రెక్క చివర చూపించాడు. గుండ్రంగా ఉంది.

"ఆడపిల్లరా ఇది. రంగు పోవడం కాదు, మందు దిగింది. దాని ఒంటి రంగే ఇది."

కిందపడ్డ పొడిని అరచేత్తో ఊడ్చి కవర్లో పోసి, మూతికి రబ్బరు బ్యాండు వేసి నా చేతిలో పెట్టాడు. రోజుకు చిటికెడు చాలన్నాడు.