జామాయిల్ పుట్టిల్లు

జామాయిల్ తోట మీకు కొత్తేం కాదు. ఖమ్మం వైపో, ప్రకాశం వైపో బస్సులో వెళ్తుంటే కిటికీ పక్కనే వరసలు వరసలుగా కనిపిస్తూనే ఉంటుంది. పెంచడం, కొట్టడం, సారపాక కాగితం మిల్లుకి లారీ ఎక్కించడం. "ఆ తోటలో పిట్ట కూడా వాలదండీ" అంటారు రైతులు. మళ్లీ ఏడాది వాళ్లే వేస్తారు. డబ్బొస్తుంది మరి!

ఆ చెట్టునే ఓసారి పుట్టింట్లో చూద్దాం రండి. ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమట కంబర్లాండ్ మైదానం ఉంది, ఆదివాసులైన ధారుగ్ జనం నేల. అక్కడి అడవిలో పెద్ద చెట్లలో ఒకటి ఫారెస్ట్ రెడ్ గమ్. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు యూకలిప్టస్ టెరెటికోర్నిస్. మన దేశంలో మైసూర్ గమ్ అంటూ ఊరూరా నాటింది చాలామటుకు ఈ జాతినే. పిట్ట వాలదని మనం ఈసడించే ఆ చెట్టు ఆకు అక్కడ కోలాలకి మహా ఇష్టమైన మేత. పూత మీదుంటే చిలకల గోల చెప్పనక్కర్లేదు. ముసలిదై తొర్ర పడితే అందులో పాసమ్ అనే జంతువులు కాపురం పెడతాయి. ఆ తొర్ర పడడానికి మాత్రం వందేళ్ల పైనే కావాలి.

అంత అడవిలో ఇప్పుడు పదో వంతు కూడా లేదు. తెల్లవాళ్లు వచ్చి పంటలకీ, పశువులకీ నరికారు. మిగిలినదాన్ని ఇళ్ల స్థలాలు తినేశాయి. స్కోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్ అంటూ మనవాళ్లు ముచ్చటపడి కొనుక్కున్న ఇళ్లూ ఆ మైదానంలోవే.

పోయినదాన్ని కొంతైనా తిరిగి తెద్దామని జులై ఆఖరి ఆదివారం జనం పలుగూ పారా పట్టుకుని బయల్దేరతారు. నేషనల్ ట్రీ డే అది. 1996లో గాయని ఒలీవియా న్యూటన్-జాన్, ప్లానెట్ ఆర్క్ సంస్థ కలిసి మొదలెట్టారు. బడిపిల్లలకైతే దానికి ముందు శుక్రవారమే పండగ. జులైలో ఏమిటంటారా? సిడ్నీకి అది చలికాలం, ఎండలు ముదిరేలోగా మొక్క వేరు పట్టాలి. ఉత్తరాన డార్విన్‌లో అప్పుడు వానాకాలం కాదు, అక్కడివాళ్లకి ఆ తేదీ ఏం నప్పుతుందో!

గుంతలు పెద్దవాళ్లు ముందే తీసి ఉంచుతారు. సన్నటి గొట్టాల్లో పెంచిన మొక్కలొస్తాయి. ఒక్కోదాన్ని బకెట్లో ముంచి బుడగలు ఆగేదాకా చూడాలి. ఐదేళ్ల వాళ్లకి ఇదే అసలు పని, మొక్క సంగతి తర్వాత! ఆపైన గొట్టాన్ని తలకిందులు చేసి తడితే వేళ్లూ మట్టీ కలిసి చేతిలోకి వస్తాయి. పాతాలి, మట్టి నొక్కాలి, నీళ్లు పోయాలి, కాడకి తగలకుండా చెక్కపొట్టు పరవాలి. కుందేళ్లు కొరక్కుండా చుట్టూ ఓ తొడుగు.

మనవడి వెంట వెళ్లిన తాతగారు చెయ్యి ఊరుకోక గుప్పెడు ఎరువు వేయబోయారనుకోండి, వెంటనే ఆపేస్తారు. ఆ ఖండంలో చాలాచోట్ల నేలలో భాస్వరం బహు తక్కువ. ఉన్న కాస్తనీ పీల్చుకోవడానికి బాంక్సియా లాంటి చెట్లు గుబురు వేళ్లు పెంచుకున్నాయి. వాటికి మనం దండిగా ఎరువేస్తే అరక్క చస్తాయి. పెంట వేయకుండా మొక్క నాటడమా! గోదావరి జిల్లా మనిషికి ఇది మింగుడుపడే సంగతేనా?

అసలు నాటడమే సర్వస్వం కాదని సిడ్నీలోనే ఐలీన్, జోన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960లలో చేసి చూపించారు. వాళ్లు కలుపు తీసేవారు, అంతే. అదీ అడవి బాగున్న చోట మొదలెట్టి, పాడైన వైపుకి కొద్దికొద్దిగా, నేల కదపకుండా. పీకిన జాగాలో అడవి తనంతట తాను మొలిచాకే ముందుకి జరిగేవారు. అక్కడ పీకాల్సిన కలుపులో లంటానా ఒకటి. మన అడవుల్ని అల్లుకున్న కంపే అది, అమెరికా నుంచి రెండు చోట్లకీ వచ్చింది. నన్నడిగితే పిల్లలకి ముందు ఈ పీకుడే నేర్పాలంటాను. కాకపోతే ఫొటోకి బాగోదు.

జులైలో మీ అమ్మాయి దగ్గరికి సిడ్నీ వెళ్తున్నారా? స్వెటరూ, మట్టి అంటినా పర్లేదనుకునే చెప్పులూ పెట్టుకోండి. సూట్‌కేసులో ఆనపగింజలూ, గోంగూర విత్తనాలూ మాత్రం వద్దు. విమానాశ్రయంలోనే లాగేసుకుంటారు.