గడి పెరగదు, గీత లావవుతుంది

రోజూ మనం గంటల తరబడి చూసే అక్షరాలు కోడ్ ఎడిటర్‌లోవి. వాటిని మోనోస్పేస్ అంటాం, అంటే ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. ఐకి ఎంత చోటో ఎమ్‌కీ అంతే. 2012లో అడోబీ విడుదల చేసిన సోర్స్ కోడ్ ప్రో చూడండి. పాల్ హంట్ గీసిన శాన్స్ సెరిఫ్ ఫాంట్ అది. ఒక్కో అక్షరానికి 600 యూనిట్లు, బోల్డ్ చేసినా 600 యూనిట్లే. మామూలు ఫాంట్‌ని బోల్డ్ చేస్తే మాట సాగుతుంది. ఇక్కడ సాగితే కింది వరసతో కాలమ్ తప్పుతుంది. అందుకే గీత లావయ్యే కొద్దీ లోపలి ఖాళీ తగ్గుతుంది, ఎమ్ కాళ్లు ఇరుక్కుంటాయి. సన్నటి ఐకి మాత్రం చోటు నిండడానికి అడ్డగీతలు పెడతారు. ఓతో కలిసిపోకుండా సున్నా మధ్యలో చుక్క ఉంటుంది.

ఇదంతా నాకు తొందరగానే అర్థమైంది. ఉప్పాడలో మాది మగ్గం ఇల్లు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మా జాందానీ చీరకి, బుటాని ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లలో వేసుకుంటారు. ఆ లెక్కనే పడుగు పోగులు ఎత్తి, బుటా పోగుని చేత్తో దూరుస్తారు. బుటా ఎత్తుగా కనబడాలంటే లావు పోగు వేస్తారు, పడుగు లెక్క మాత్రం మారదు. బోల్డ్ మోనోస్పేస్ అచ్చం అంతే.

చిక్కంతా తెలుగుతోనే. సెలవుల్లో అమ్మ కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. ఎవరికి ఎంత పట్టు ఇచ్చాం, ఎన్ని చీరలు వచ్చాయి అన్న లెక్క. పేర్లు తెలుగులో ప్రింట్ చేస్తే అంకెల వరస మెట్లలా తయారైంది. ‘ఉప్పాడ’ మనకి మూడు అక్షరాలే. కంప్యూటర్‌కి ఆరు: ఉ, ప, పొల్లు, ప, దీర్ఘం, డ. వత్తు కిందకి వెళ్లినా చోటు పక్కనే లెక్క కడుతుంది. పైగా కోడ్ ఫాంట్‌లో తెలుగు లేదు. సిస్టమ్ ఇంకో ఫాంట్ నుంచి అరువు తెస్తుంది, అందులో ఘ వెడల్పు వేరు, ర వెడల్పు వేరు.

పేర్లు ఇంగ్లీషులో పెట్టగానే వరస కుదిరింది. అమ్మ ఓసారి చూసి, “బానే ఉంది నాన్నా, ఇందులో ఎవరిది ఏదో నాకెలా తెలుస్తుంది?” అంది. చివరికి బ్రౌజర్‌లో పట్టిక చేసి ఇచ్చాను. అమ్మ చదువుకుంటోంది. టెర్మినల్ మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. అదే నాకు నచ్చడం లేదు.

చైనీస్, జపనీస్ అక్షరాలకి రెండేసి గళ్లు ఇచ్చి ఈ చిక్కు విప్పుకున్నారు. మనం ర కి ఒక గడి, ఘ కి రెండు ఇవ్వచ్చు. వత్తుకి గడి అక్కర్లేదు, వరసల మధ్య ఎత్తు కావాలి. బోల్డ్‌లో ఇంకా కష్టం, తలకట్టూ లోపలి సున్నాలూ పూడుకుపోతాయి. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన రామభద్ర ఫాంట్ చక్కటి బోల్డే, పోస్టర్లకి బాగుంటుంది. కానీ దాని అక్షరాలు గడిలో ఒదగవు.

ఫాంట్‌ఫోర్జ్ ఉచితమే. మన క్లబ్బులో బొమ్మలు వేసేవాళ్లున్నారు, కోడ్ రాసేవాళ్లున్నారు. ముందు అ నుంచి ఱ దాకా గళ్లలో గీసి చూద్దామా? గ్రాఫ్ కాగితాలు నేను తెస్తాను.