బెడ్లు ఎన్ని?

ఇంటర్ బైపీసీ పాసైన మన హాస్టల్ చెల్లెళ్ళు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "అక్కా, హైదరాబాద్‌లో ఏ నర్సింగ్ కాలేజీ మంచిది?" పేరు చెప్పను గానీ, నేను ఎలా వెతుక్కున్నానో చెబుతాను.

అప్పటికి హైదరాబాద్‌లో నాకు తెలిసింది ఇమ్లీబన్ బస్టాండు ఒక్కటే. మొదట చూసిన కాలేజీది అద్దాల మేడ. "ఇక్కడి పిల్లలు ఏ ఆసుపత్రిలో డ్యూటీ చేస్తారు సార్? బెడ్లు ఎన్ని?" అని అడిగాను. "అవన్నీ తర్వాత, ముందు ఒరిజినల్స్ ఇవ్వమ్మా" అన్నారు. నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. కూలి చేసే మనిషి, ఆయనకు అర్థమైంది.

బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ళు, జీఎన్ఎం 3 ఏళ్ళు. ఏది చదివినా పని నేర్పేది వార్డే. దిండు మీద ఇంజక్షన్ నేర్చుకున్నవాళ్ళకు నిజమైన నరం దొరకదు. అందుకే బీఎస్సీ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. తెలంగాణలో అయితే వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉందో లేదో కూడా చూడాలి.

నేను చేరిన కాలేజీ గోడలకు సున్నం రాలేది. ఆసుపత్రి మాత్రం ప్రహరీ పక్కనే. గేటు దగ్గర మూడో ఏడాది అక్కను ఆపి రెండే అడిగాను: స్కాలర్‌షిప్ ఆలస్యమైతే పరీక్ష రాయనిస్తారా, నైట్ డ్యూటీకి బస్సు ఉందా? ప్రిన్సిపాల్ కన్నా ఆమె చెప్పిందే నాకు పనికొచ్చింది.

చూడడానికి వచ్చేవాళ్ళు జిరాక్సులే తెచ్చుకోండి. నాకు నైట్ డ్యూటీ లేని రోజు బస్టాండుకు నేనే వస్తాను.