నయాగరా దగ్గర ఒక టవర్

మా ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి గోడకు పాత క్యాలెండర్ బొమ్మ ఒకటి అంటించి ఉంది. నయాగరా జలపాతం. పక్కనే, కొండ అంచును వదిలి లోయలోకి చొచ్చుకొచ్చిన టవర్. ఒక రోజు వెనక వరస పిల్లాడు లేచి, “మాస్టారూ, ఆ టవర్ ఎవరి భూమిలో కట్టారు?” అన్నాడు. ఎత్తెంత అని అడుగుతాడనుకున్నాను. వాళ్లింట్లో పట్టా గొడవ నడుస్తోంది, అందుకే కాబోలు.

ఎత్తు చెప్పాను, 282 అడుగులు. భూమి సంగతి తెలియక, చదవడం మొదలుపెట్టాను.

నయాగరా నది అమెరికాకూ కెనడాకూ సరిహద్దు. జలపాతం ముఖం కెనడా వైపు ఉంటుంది. అమెరికా ఒడ్డున నిలబడితే పక్కనుంచే కనబడుతుంది. ఎదురుగా చూడాలంటే ముందుకు జరగాలి. 1961లో ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర లేచిన టవర్ చేసే పని అదే. లిఫ్టులో కిందికి దిగితే పడవల రేవు. ఆ పడవ పేరు మెయిడ్ ఆఫ్ ది మిస్ట్. ఆదివాసులు జలపాతానికి కన్నెపిల్లను బలిచ్చేవారని ఆ పడవల్లో కథ చెప్పేవారు. అది అబద్ధమని అక్కడి తెగలవాళ్లు గట్టిగా అడిగాక, 1996లో ఆపారు.

అసలు సంగతి టవర్‌కు కొంచెం ముందుంది. 1956లో జలపాతానికి దిగువన కొండచరియ కూలి ఒక కరెంటు కేంద్రం నాశనమైంది. దాని స్థానంలో చాలా పెద్ద ప్రాజెక్టు తలపెట్టారు. రాత్రిపూట నీళ్లు ఎక్కించి నిలవ చేసి, పగలు వదలడానికి రిజర్వాయరు కావాలి. అందుకోసం టస్కరోరా తెగ భూమిలో 1,383 ఎకరాలు అడిగారు. 1958లో సర్వే వాళ్లు పోలీసులతో వస్తే ఆడా మగా అడ్డం నిలబడ్డారు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1960 మార్చిలో తీర్పు వచ్చింది. ఆరుగురు జడ్జీలు తెగకు వ్యతిరేకం, ముగ్గురు అనుకూలం.

అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా కాదు, తెగ ఉండే ప్రాంతం. అలాంటి భూములకు కరెంటు చట్టంలో కొంత రక్షణ ఉంది. కానీ ఈ నేల టస్కరోరాలు తమ డబ్బుతో కొనుక్కున్నది, ప్రభుత్వానిది కాదు, కాబట్టి ఆ రక్షణ దీనికి రాదన్నారు. కొనుక్కున్నందుకే పోయింది! 1/70 చట్టం పేరు వింటూ పెరిగిన నాకు ఈ ముక్క రెండుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. చివరికి సుమారు 550 ఎకరాలు పోయాయి. 1961 ఫిబ్రవరిలో కరెంటు వచ్చింది. ఆ ఏడాదే టవరూ వచ్చింది.

ఇదంతా క్లాసులో చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. ఇన్నాళ్లూ ప్రాజెక్టులంటే పేరు, నది, ఉపయోగాలు అని నాలుగు మార్కుల ప్రశ్నగానే చెప్పాను. మా తాత పుట్టిన ఊరు ఒక రిజర్వాయరు అడుగున ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే చింతమోడు బయటపడేది. మా నాయనమ్మ ఒడ్డున నిలబడి దానికి దండం పెట్టేది. ఆ మాట ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఈసారి రెండూ చెప్పాను. పిల్లలు అల్లరి చెయ్యలేదు. గంట కొట్టాక ఆ పిల్లాడు క్యాలెండర్ బొమ్మ దగ్గరికెళ్లి, “ఆ చెరువు ఏ పక్కన, మాస్టారూ?” అన్నాడు. నదికి దిగువన, ఉత్తరాన అన్నాను. బొమ్మలో అంత దూరం లేదు. కాగితం అంచు దాటి, గోడ మీద సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు.