ఎడిన్‌బరోలో మూడు రోజులు

స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరో చూడటానికి మూడు రోజులు చాలునంటారు. దేవుని కృప వలన నాకు ఆ మూడు రోజులు దొరికాయి. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా సంఘస్థుల కుమారుడు నన్ను తన ఇంట ఉంచుకొని ఊరంతా చూపించాడు.

ఊరి నడుమ నల్లని అగ్నిపర్వత శిల మీద కోట ఉన్నది. అక్కడి నుండి హోలీరూడ్ రాజభవనం వరకు దిగే వీధిని రాయల్ మైల్ అంటారు. దారిలో కిరీటం వంటి శిఖరంతో సెయింట్ జైల్స్ దేవాలయం కనబడుతుంది. సంస్కర్త జాన్ నాక్స్ ప్రసంగించినది ఇక్కడే. 1572లో మరణించిన ఆయన సమాధి స్థలం ఇప్పుడు ఆలయం వెనుక కార్లు నిలిపే చోటు. 23వ నంబరు గడి దగ్గర ఆయన నిద్రిస్తున్నాడని చెబుతారు.

ఆ ఊరు చూడ వచ్చినవారు పబ్బులు కూడా చూస్తారు. పబ్బు అంటే మన సారా దుకాణం వంటిది కాదు. కుటుంబాలు కూడా వచ్చి భోజనం చేస్తాయి. వాటి పేర్లలోనే ఊరి చరిత్ర ఉన్నది. రాయల్ మైల్‌లో 'డీకన్ బ్రోడీ' అనే పబ్బు ఉంది. ఇక్కడ డీకన్ అంటే సంఘ పరిచారకుడు కాదు, వడ్రంగుల సంఘానికి పెద్ద. బ్రోడీ పగలు గొప్పవారి ఇళ్ళలో పనిచేస్తూ తాళపు చెవుల అచ్చు మైనంలో తీసుకొనేవాడు, రాత్రి దొంగతనానికి వెళ్ళేవాడు. 1788లో అతనిని ఉరితీశారు. పబ్బు బోర్డుకు ఒకవైపు పెద్దమనిషి, రెండవవైపు దొంగ. ఆ రెండు ముఖాలు చూసి నవ్వి వెళ్ళిపోవటం తేలిక కాదు.

కోట క్రింద గ్రాస్‌మార్కెట్‌లో ఒకప్పుడు ఉరికంబం ఉండేది. సంఘానికి రాజు శిరస్సు కాడని నిలబడిన కవనెంటర్లు అనేకులు 17వ శతాబ్దంలో ఇక్కడ ప్రాణాలిచ్చారు. వారి స్మారకానికి దగ్గరలోనే 'లాస్ట్ డ్రాప్' పబ్బు. డ్రాప్ అంటే చుక్క, పడిపోవటం కూడా. త్రాగే చివరి చుక్క, ఉరిత్రాటి చివరి పాటు రెండూ ఆ పేరులో ఉన్నాయి. హాస్యానికి పెట్టిన పేరే గాని, సామెతలు 23వ అధ్యాయం చదివినవారికి నవ్వు రాదు.

ఆ సాయంకాలం ఒక పబ్బులో చేప, బంగాళాదుంప వేపుడు తిన్నాము. అబ్బాయి నిమ్మసోడా తెప్పించుకొన్నాడు.

"అయ్యగారూ, శుక్రవారం సాయంత్రం మా ఆఫీసువాళ్ళందరూ ఇక్కడికే వస్తారు. నేను త్రాగనని వాళ్ళకు తెలుసు, బలవంతపెట్టరు. కాని రాకపోతే సోమవారం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండడు" అన్నాడు.

మరునాడు ప్రిన్సెస్ వీధిలో థామస్ గత్రీ గారి విగ్రహం చూశాము. పాత ఊరి మురికివాడలలో సేవ చేసిన ఈ బోధకుడు మద్యానికి గట్టి విరోధి. స్కాట్లాండులో ఆదివారం పబ్బులు మూయించిన 1853 చట్టం వెనుక ఆయన కృషి ఉన్నది. అయితే ఆయన చట్టంతో ఆగలేదు. అంతకు ముందే, 1847లో, బీదపిల్లలకు బడి పెట్టి అన్నం, చదువు, చేతిపని ఇచ్చాడు. వద్దన్న చోటికి బదులు మరొక చోటు చూపించాడు.

అక్కడికి దగ్గరలోనే, కొండవాలున అసెంబ్లీ హాలు ఉన్నది. 1910లో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది అందులోనే. తరువాత మన దోర్నకల్‌కు బిషప్పు అయిన వి.యస్. అజరయ్య గారు ఆ సభలో మిషనరీల త్యాగాన్ని మెచ్చుకొని, మాకు స్నేహితులు కావాలని అడిగారు. నూరేళ్ళు దాటినా ఆ పిల్లవాడు నిమ్మసోడా ముందు కూర్చొని అడిగినది అదే.

ప్రియ పాఠకులారా, దూరాన ఉన్న బిడ్డలకు "త్రాగవద్దు" అని చెప్పటం మన బాధ్యతే. దానితోపాటు శుక్రవారం సాయంత్రం ఒక ఫోను చేయండి. మీ వీధిలో అద్దె గదిలో ఒంటరిగా ఉన్న కుర్రవాడిని భోజనానికి పిలవండి. మన బల్ల దగ్గర చోటు ఉంటే, అతడు మరొక బల్ల వెదకనక్కరలేదు.